"తూగొస్తదా బిడ్డా?"

మాత్రల సీసా, హన్మకొండ (రాత్రి 8:40)

హన్మకొండలో చిన్న మెడికల్ షాపు నాది. పొద్దున ఒక పెద్దాయన ముక్కు తుడుచుకుంటూ వచ్చాడు. జలుబు గోలీ ఇచ్చి అలవాటుగా "మగతగా ఉంటది, బండి నడపకు" అన్నాను. గోలీ జేబులో పెట్టుకుంటూ "మగతంటే ఏంది బిడ్డా?" అని అడిగాడు. నిద్రొస్తది అని చెప్పాను. "అంటే నిద్ర గోలీలా? నాకొద్దు" అని వెనక్కి ఇవ్వబోయాడు. కాదు తాతా, కండ్లు గుంజుతయి, తల ఇట్ల వాలుతది అని మెడ వంచి చూపిస్తే అప్పుడు నవ్వాడు. "గట్ల జెప్పు. తూగొస్తదా బిడ్డా?"

పదిహేనేండ్ల నుంచి కౌంటర్ వెనక నిలబడి మగత, మగత అంటున్నాను. అర్థం కాకపోయినా తలూపి పోయినవాళ్లు ఎంతమందో. ఇప్పుడు షాపు ముందు ఒక బోర్డు రాయిద్దామని ఉంది. జలుబుకి, దురదలకి గోలీలు తీసుకునేవాళ్లు బండి నడపొద్దని. దాంట్లో ఏ మాట పెట్టాలి? మీ ఇండ్లలో ఏమంటారు?

గుంటూరు కోడలు (రాత్రి 8:52)

దయచేసి తూగు మాత్రం పెట్టకండి. మా వైపు "తూగుతూ వచ్చాడు" అంటే తాగొచ్చాడనే. పెళ్లయి వరంగల్ హంటర్ రోడ్డుకి వచ్చిన కొత్తలో మా అత్తయ్య ఫోన్లో ఎవరితోనో "మా కోడలు పొద్దుమూకులు తూగుతనే ఉంటది" అంది. గదిలోకెళ్లి ఏడ్చాను. నాకప్పుడు మూడో నెల, కూర్చున్నచోటే కళ్లు మూతపడేవి. ఆవిడ అంటున్నది అదేనని మా ఆయన చెప్పేదాకా తెలియలేదు.

మగత మా ఇంట్లో జ్వరం మాట. ఒళ్లు కాలిపోతుంటే, పిలిస్తే "ఊఁ" అని మళ్లీ జారిపోతారే, అది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి మగత ఏంటి?

బొగ్గుబాయి, భూపాలపల్లి (రాత్రి 9:05)

అక్కా, మీ అత్తయ్య మాటలో తప్పేం లేదు. ఇక్కడ తూగంటే తూగే. తాగినోణ్ని మేము "తూలుతాండు" అంటం. తేడా చూడండి. తూలినోడు పడతడు. తూగినోడు పడడు, పడబోయి మళ్లీ లేస్తడు.

నాది బాయి పని. నైట్ షిఫ్టులో మస్టర్ (హాజరు) పడ్డ తర్వాత ఒంటి గంట దాకా ఎవరికీ ఏం కాదు, ముచ్చట్లు నడుస్తయి. రెండు దాటినంక మొదలైతది. మూడు, నాలుగు మధ్యల మనిషి మనిషి తీరు ఉండడు. దానికి మా దగ్గర మెట్లు ఉన్నయి. ముందు కండ్లు గుంజుతయి. తర్వాత తూగు. తూగు ఆపకపోతే కునుకు. కునుకు పడ్డదంటే ఇగ సోయి లేదు. తూగు వచ్చినప్పుడు మనిషికి తెలుస్తది, కునుకు పడ్డంక తెలవది. పక్కనున్నోణ్ని లేపుడు తూగు మీద ఉన్నప్పుడే చెయ్యాలె.

ఎనిమిదింటి క్లాసు (రాత్రి 9:09)

మా హాస్టల్లో ఇవన్నీ కలిపి ఒకటే మాట, లెక్చర్.

రిటైరైన తెలుగు సారు, జనగామ (రాత్రి 9:31)

బొగ్గుబాయి గారు చెప్పిన మెట్లు ఏ నిఘంటువులోనూ అంత శుభ్రంగా ఉండవు. నేను దానికి కొంచెం పక్కన కూర్చుని మాట్లాడతాను.

తూగు అసలు అర్థం నిద్రా కాదు, తాగుడూ కాదు. ఊగడం, వేలాడడం. తూగుటుయ్యాల అన్నప్పుడు అదే. వేలాడేది ఏదైనా అటూ ఇటూ ఊగి నడుమకు వస్తుంది. అందుకే త్రాసులో పెట్టిన వస్తువు కూడా "తూగుతుంది". కిలో తూగింది, రెండు కిలోలు తూగింది అంటాం కదా. మనం చేసే పని అయితే తూచడం, అయ్యేది తూకం, తూనిక. ప్రభుత్వ శాఖ పేరులోనూ తూనికలు, కొలతలు ఉన్నాయి. ఒకరికొకరు సరితూగడం, సిరిసంపదలతో తులతూగడం, అన్నీ ఆ త్రాసు దగ్గరవే. తుల అంటే త్రాసే మరి. పద్యం చదువుతుంటే ఊపు కుదిరితే "తూగు బాగుంది" అంటారు, అదీ ఈ కుటుంబమే.

ఇప్పుడు కూర్చుని కునికే మనిషిని చూడండి. తల ముందుకు వాలుతుంది, ఉలిక్కిపడి లేస్తుంది, మళ్లీ వాలుతుంది. ఊయల, త్రాసు, తల మూడూ చేసే పని ఒకటే. పేరు కూడా ఒకటే పెట్టారు. తాగినవాడూ ఊగుతాడు కాబట్టి గుంటూరు అమ్మాయి మాట కూడా తప్పు కాదు. అక్కడ ఒక అర్థం ముందుకొచ్చింది, ఇక్కడ ఇంకొకటి.

పాత పుస్తకాల్లో దీన్ని తూఁగు అని అరసున్నతో రాసేవారు. బడిలో ఆ అరసున్న చూసి పిల్లలు నవ్వేవాళ్లు. అది ఊరికే లేదు. ఒకప్పుడు అక్కడ ముక్కుతో పలికే ధ్వని ఉండేదనడానికి అది గుర్తు.

రైల్వే క్వార్టర్లు, కాజీపేట (రాత్రి 9:44)

సారు గారూ, ఆ ముక్కు ధ్వని ఎక్కడికీ పోలేదు. మా ఇంట్లో ఉంది. మా అమ్మది తమిళం. నాన్న రైల్వే ఉద్యోగంతో కాజీపేట వచ్చి ఇక్కడే ఉండిపోయాం. ఇంట్లో "తూంగు" అంటే నిద్రపోవడమే, కునికిపాట్లు కూడా కాదు, పూర్తి నిద్ర. "తూంగు కన్నా" అంటే పడుకో నాన్నా అని. నిద్రని తూక్కం అంటారు.

చిన్నప్పుడు దీనితో నాకు పెద్ద చిక్కు వచ్చింది. వీధిలో కూరలమ్మ "తూకం చూస్కో బిడ్డా" అంటే, ఈమె నిద్ర ఎందుకు చూసుకోమంటోంది అనుకునేదాన్ని. తర్వాత మా క్వార్టర్ల వరసలో ఒక మలయాళీ కుటుంబం చేరింది. వాళ్లకి తూక్కం అంటే బరువు. అక్షరం తేడా లేకుండా మా ఇంటి నిద్ర వాళ్లింటి బరువు. ఈ వేదికలో చెప్పేదాకా ఎందుకో నాకు తట్టనే లేదు.

రిటైరైన తెలుగు సారు, జనగామ (రాత్రి 9:58)

అమ్మా, మీరు చెప్పిన తూంగు మా తూఁగు సొంత అక్కే. మీరు సున్న నిండుగా పలుకుతున్నారు, మేము సగం చేసి, తర్వాత ఆ సగమూ తీసేశాం. ఉబ్బడానికి తమిళంలో వీంగు, మన విర్రవీగడంలో పాత రాతలో వీఁగు. అదే దారి. కన్నడంలో కూడా తూగు అంటే ఊగడం, తూగడం. తూక బరువు. కునికిపాట్లు పడితే తూకడిసు అంటారు.

ఒకే వేరు. తమిళం దాన్ని మంచం మీద పడుకోబెట్టింది, మలయాళం త్రాసులో పెట్టింది, మనమూ, కన్నడం వాళ్లూ రెండు పనులకీ వాడుకుంటున్నాం.

మిర్చి బస్తా, ఎనుమాముల (రాత్రి 10:20)

ఇప్పుడే అన్నం తిని చూస్తున్నా. సారు చెప్పింది చదివితే మా నాయన గుర్తొచ్చిండు, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఏమనుకోకండి.

మాకు మిర్చి తోట. ఫిబ్రవరి, మార్చిలో ఎనుమాముల మార్కెట్‌కి బస్తాలు రాత్రే తోలుకొస్తం. జాగా దొరకాలంటే అదే మార్గం. చిన్నప్పుడు నేను కూడా పోయేవాణ్ని. రాత్రంతా నాయన బస్తాలను ఆనుకొని కూసునేటోడు. పండుకుంటే బస్తాలు ఎవరన్న కదిలిస్తరని భయం, మెలకువగా ఉందామంటే నాలుగు రోజుల కాయ ఏరుడు ఒంట్లో ఉండె. పైగా మిర్చి ఘాటుకి కండ్లు మండుతయి. కండ్లు మండితే నిద్ర రాదనుకుంటరు గానీ ఇంకా తొందరగా మూతలు పడతయి. ఆ టైంలో నాయన తల వాలుడు, లేసుడు, వాలుడు. నేను లెక్కపెట్టేవాణ్ని.

పొద్దున జెండా పాట అయితది. ఆ రోజు పెద్ద ధర ఏందో దాంతో తెలుస్తది. తర్వాత ఖరీదుదారు మన బస్తాల్లో చెయ్యి పెట్టి కాయ చూసి ఇంత అంటడు, జెండా పాట కన్నా ఎంతో కొంత తక్కువే. ఆ తర్వాత కాంటా. తూకం వేసే దడ్వాయి వచ్చి బస్తా కాంటా మీద పెట్టిస్తడు. అప్పుడు నాయన కండ్లల్ల నిద్ర అనేదే కనబడకపోయేది. రాత్రంతా తూగినోడు, బస్తా తూగేటప్పుడు రెప్ప కొట్టడు.

ఒకసారి మాత్రం తూగిండు. ముందు రాత్రి కూడా నిద్ర లేదు. నాలుగో బస్తా కాంటా మీదికి పోయేటప్పుడు నిలబడ్డచోటే కన్నంటింది. దడ్వాయి మంచోడు. బస్తా దించకుండా ఆపి "ఏందే మామా, నువ్వు తూగుతానవా, బస్తా తూగుతాందా?" అని నవ్వి లేపిండు. చుట్టూ ఉన్న హమాలీలు కూడా నవ్విన్రు. నాయన సిగ్గుపడి తువ్వాలతో మొఖం తుడుచుకున్నడు. నాకప్పుడు ఎనిమిదేండ్లు, కోపం వచ్చింది. ఆ దడ్వాయి అన్న మాటలో ఇంత చరిత్ర ఉందని ఇవ్వాళ తెలిసింది.

మాత్రల సీసా, హన్మకొండ (రాత్రి 10:27)

అన్నా, మీ నాయన మాట చదివి షాపు షట్టర్ దించడం కూడా మరిచిపోయాను.

తొట్టెల, పరకాల (రాత్రి 10:35)

అందరూ తూగు తూగు అంటున్నారు గానీ జోగు సంగతి ఎవరూ తీయలేదు. మా ఇంట్లో పెద్దవాళ్లు తూగుతారు, చిన్నపిల్లలు జోగుతారు. బువ్వ తింటూ తింటూ నోట్లో ముద్ద అట్లనే పెట్టుకుని ముందుకు వాలే పిల్లను "జోగుతాంది, నోరు కడిగి తొట్టెల్ల ఎయ్యి" అంటుంది మా అమ్మ.

సారు చెప్పిన లెక్క ఇక్కడ కూడా నడుస్తుంది చూడండి. అక్కడ తూగడం, తూచడం. ఇక్కడ జోగడం, జోకడం.

గుంటూరు కోడలు (రాత్రి 10:38)

జోకడమా? జోకులు వేయడమా?

తొట్టెల, పరకాల (రాత్రి 10:41)

అయ్యో అక్కా, ఇన్నేండ్లుగా వరంగల్‌లో ఉండి కూరగాయలు ఎట్ల కొంటున్నారు? "కిలో టమాటలు జోకు" అంటే కిలో తూచమని. జోకుడు అంటే తూకం వేయడం.

గుంటూరు కోడలు (రాత్రి 10:43)

ఆన్‌లైన్లో కొంటున్నా. ఇప్పుడు అర్థమైంది. మొదటి నెలలో మార్కెట్లో ఒకామె "జోకన్నా?" అని అడిగితే నవ్వి ఊరుకున్నా. ఆవిడ నన్ను వింతగా చూసింది.

రిటైరైన తెలుగు సారు, జనగామ (రాత్రి 10:50)

పరకాల అమ్మాయి జత బాగా పట్టింది. తూగు పక్కన తూకం, జోగు పక్కన జోకుడు. నిద్రకూ త్రాసుకూ మన వాళ్లు రెండుసార్లు ముడి వేశారన్నమాట. ఈ వయసులో నేను నేర్చుకున్నానంటే మీ పుణ్యమే.

లారీ క్యాబిన్, ములుగు రోడ్డు (రాత్రి 11:02)

అంకుల్, మీరు భాష ముచ్చట చెప్తున్నరు, బాగుంది. నేను బోర్డు ముచ్చట చెప్త. నేను పద్దెనిమిదేండ్లు లారీ నడిపిన. డ్రైవర్‌కి నిద్రొస్తది అని చెప్తే లెక్క చేయడు. "నాకు నిద్రేంది, రెండు చాయ్‌లు తాగుత" అంటడు. నేనూ అన్న. కునుకు అని రాయండి.

బొగ్గుబాయి అన్న చెప్పినట్టు తూగు మనిషికి తెలుస్తది, కునుకు తెలవది. కండ్లు తెరిచే ఉంటయి కొన్నిసార్లు, మనిషి మాత్రం ఉండడు. గంటకి ఎనభై మీద పోయే బండి మూడు సెకన్లలో అరవై ఆరు మీటర్లు పోతది. నేను లెక్క వేసి క్యాబిన్లో రాసుకున్న. మా దగ్గర ఒకతను, పేరు వద్దు, తెల్లారగట్ల కునుకు పడి రోడ్డు దిగిండు. ఆయనకి తప్ప ఎవరికీ దెబ్బ తగల్లే. జలుబు గోలీ వేసుకున్నడని తర్వాత తెలిసింది. రాత్రి పది గంటలకి వేసుకున్నడు, పొద్దుటికి దిగిపోతది అనుకున్నడు.

మాత్రల సీసా, హన్మకొండ (రాత్రి 11:10)

అదే నా భయం. పాత రకం జలుబు మందులు, క్లోర్‌ఫెనిరమిన్ లాంటివి, మెదడులోకి పోతాయి. మనల్ని మెలకువగా ఉంచే పనిలో హిస్టమిన్ అనేదానికి పెద్ద పాత్ర ఉంది. అలర్జీతో ముక్కు కారడానికీ, దురదకీ అదే కారణం. మందు దాన్ని ముక్కులో ఆపేటప్పుడు మెదడులో కూడా ఆపుతుంది, అందుకే ఈ తూగు. రాత్రి వేసుకుంటే పొద్దున కూడా మిగిలి ఉండొచ్చు. కొత్త రకం మందుల్లో సెట్రిజిన్‌తో కొంచెం తక్కువే, అయినా కొందరికి బాగానే వస్తుంది. ఫెక్సోఫెనడిన్‌తో చాలా అరుదు. మందు (ఈ మందు కాదు, బార్ మందు) కూడా తోడైతే చెప్పనక్కర్లేదు.

ఎనిమిదింటి క్లాసు (రాత్రి 11:14)

మరి ఏ గోలీ వేసుకోకుండా మధ్యాహ్నం రెండింటికి మాకెందుకు వస్తుంది? మెస్ సాంబారులో ఏమన్నా కలుపుతారా?

మాత్రల సీసా, హన్మకొండ (రాత్రి 11:17)

సాంబారుది కొంచెమే తప్పు తమ్ముడూ. ఒంట్లో గడియారం రోజుకి రెండుసార్లు దిగుతుంది. ఒకటి బొగ్గుబాయి అన్న చెప్పిన తెల్లారుజాము. ఇంకోటి చిన్నది, మధ్యాహ్నం. అన్నం తినకున్నా కొంత వస్తుంది. ఎక్కువ భాగం తప్పు మీరు రాత్రి ఈ టైంలో ఫోన్ చూడడంది.

తొట్టెల, పరకాల (రాత్రి 11:26)

పడుకునే ముందు ఒక్క మాట. మా నాయనమ్మ దీన్నంతా "మబ్బు" అనేది. "కండ్లకు మబ్బు కమ్మింది", "నిద్రమబ్బు ఇంకా దిగలే". పొద్దున ఐదు గాకముందు లేపాలంటే కూడా "మబ్బుల లేపు" అనేది. మేడారం పోయేటప్పుడు మబ్బుల్నే ఎడ్లబండి కట్టేవాళ్లట. బండి ఊగుతుంటే పిల్లలందరూ ఒకరి మీద ఒకరు తూగుతూ పోయేవాళ్లు, ఎవరు బండికి ఊగుతున్నారో ఎవరు నిద్రకి ఊగుతున్నారో తెలిసేది కాదట. ఆకాశంలో మబ్బు, తెల్లారకముందు మబ్బు, కంట్లో మబ్బు. మూడింట్లోనూ ఎదుట ఉన్నది సరిగా కనబడదు, అంతే కదా.

గుంటూరు కోడలు (రాత్రి 11:33)

మబ్బుల లేవడం నాకు తెలుసు! పెళ్లయిన వారానికే నేర్పించారు. మా ఊళ్లో అయితే నన్ను మబ్బుల్లో లేపమంటే విమానం ఎక్కించాలి.

కోడికునుకు మీరు కూడా అంటారా? కూర్చునే రెండు నిమిషాలు రెప్ప వాల్చి, చప్పుడైతే టక్కున లేవడం. మా నాన్న వాలు కుర్చీలో తీసేది అదే. టీవీ కట్టేస్తే మాత్రం "చూస్తున్నానే" అనేవారు.

బొగ్గుబాయి, భూపాలపల్లి (రాత్రి 11:38)

అంటం అక్కా. టీవీ కట్టేస్తే లేచుడు కూడా ఇక్కడ అదే తీరు. నాకు మస్టర్ టైం దాటింది, సిగ్నల్ లేని చోటికి పోతున్న. ఇక రేపు.

రైల్వే క్వార్టర్లు, కాజీపేట (రాత్రి 11:40)

జాగ్రత్త అన్నా. మూడింటికి పక్కవాళ్లని చూసుకోండి.

మాత్రల సీసా, హన్మకొండ (మర్నాడు సాయంత్రం 6:15)

నిన్నటి పెద్దాయన ఇవాళ మళ్లీ వచ్చాడు. జలుబు తగ్గిందట. గోలీ వేసుకున్నావా తాతా అంటే "ఏసుకున్న. తూగొచ్చింది. నువ్వు జెప్పినవు గదా, సైకిల్ తీయలే, నడిసొచ్చిన" అన్నాడు. ఆయన నడిపేది సైకిల్ అని కూడా నేను అడగలేదు ఆ రోజు.

బోర్డు మాట ఇట్లా అనుకుంటున్నా. "ఈ గోలీలు వేసుకుంటే తూగు వస్తది, కునుకు పడతది. బండి, సైకిల్, మిషన్ నడపొద్దు. రాత్రి వేసుకున్నా పొద్దున చూసుకోవాలె." కింద చిన్న అక్షరాల్లో మగత కూడా పెడతాను, గుంటూరు వైపు వాళ్లు వస్తే తాగుబోతుల గురించి అనుకోకుండా.

గుంటూరు కోడలు (సాయంత్రం 6:30)

నా కోసం ఒక లైను పెట్టారు, సంతోషం. మా అత్తయ్యకి ఈ చర్చ అంతా చదివి వినిపించాను. "నేను తూగుతుందంటే నువ్వు తాగుతదని అనుకున్నవా?" అని ఇప్పటికీ నవ్వుతోంది. ఇక ఈ మాట వాళ్ల అక్కచెల్లెళ్లందరికీ చేరుతుంది.

మిర్చి బస్తా, ఎనుమాముల (సాయంత్రం 6:52)

బాగుంది అన్నా. వచ్చే సీజన్‌ల మార్కెట్ గేటు దగ్గర గూడా ఒకటి పెట్టిస్తే మేలు. రాత్రంతా తూగి, పొద్దున కాంటా అయినంక ట్రాక్టర్ నడుపుకుంట ఊరికి పోయేది మేమే.

రిటైరైన తెలుగు సారు, జనగామ (సాయంత్రం 7:05)

వాక్యం బాగుంది, తూగు కూడా కుదిరింది. ఒక్కటే కొరత. తూఁగుకి అరసున్న పెట్టలేదు.

మాత్రల సీసా, హన్మకొండ (సాయంత్రం 7:08)

పెయింటర్ అక్షరానికి ఇంత అని లెక్క కడుతున్నాడు సార్.

రిటైరైన తెలుగు సారు, జనగామ (సాయంత్రం 7:11)

అరసున్నే కదా, సగం రేటు అడుగు.